బుర్రుమనే కఫం పరికరం: 14 నెలలు వాడాక నా అనుభవం

పొద్దున అయిదింటికి మా ఇంట్లో మొదట వినిపించే చప్పుడు, ఊపిరితిత్తుల్లోని కఫాన్ని బయటికి తెచ్చే ఈ పరికరానిదే. నోట్లో పెట్టుకుని ఊదితే బుర్ర్‌మని కొట్టుకుంటుంది. ఛాతీ మీద అరచెయ్యి ఆనిస్తే ఆ అదురు లోపలిదాకా తెలుస్తుంది. 14 నెలలుగా రోజుకు రెండు పూటలా వాడుతున్నాను. మధ్యలో ఒక వారం మానేసి ఏమవుతుందో కూడా చూశాను. కొనేటప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో కఫంతో అవస్థ పడేవాళ్ళకు అవి పనికొస్తాయని రాస్తున్నాను.

నేను నీటి పంపులు, మోటార్లు బాగుచేస్తాను. 27 ఏళ్ళుగా అదే పని. కాబట్టి ఏ వస్తువు చేతికొచ్చినా ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి నాకు. లేకపోతే నమ్మకం కుదరదు.

నా జబ్బు పేరు బ్రాంకియెక్టాసిస్. చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చి నెలల తరబడి పీడించిందని అమ్మ చెప్పేది. అప్పుడు దెబ్బతిన్న గాలిగొట్టాలు పోనుపోను సాగి వదులైపోయాయి. సీటీ స్కాన్‌లో డాక్టరుగారు నాకు చూపించారు. మామూలుగా గాలిగొట్టం, దాని పక్కనే ఉండే రక్తనాళం ఇంచుమించు ఒకే లావు ఉంటాయట. నాకేమో గొట్టం పెద్ద వలయంలా, రక్తనాళం దాన్ని అంటుకుని చిన్న చుక్కలా ఉంది. రాయి పొదిగిన ఉంగరం ఎలా ఉంటుందో అచ్చం అలా. సాగిన గొట్టంలో కఫం నిలబడిపోతుంది. నిలబడ్డ చోట క్రిములు చేరతాయి. వాటి మీదికి తెల్లకణాలు దండెత్తి వస్తాయి. ఆ కణాలు వదిలే ఎంజైములు క్రిములతో పాటు గొట్టం గోడనూ కొరుకుతాయి. గోడ చెడితే ఇంకా కఫం. కఫం ముదురు పచ్చగా మారేది కూడా ఆ తెల్లకణాల్లోని ఒక పచ్చటి ఎంజైము వల్లేనట. అది తెలిశాక రంగు చూసి భయపడటం మానేశాను. ఏ రోజు ఏ రంగో చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఈ పరికరం లేని రోజుల్లో పొద్దున గంట, ఒక్కోసారి గంటన్నర దగ్గేవాణ్ణి. పక్కటెముకలు పట్టేసేవి. అంతా చేస్తే కాస్త కఫం పడేది, మిగతాది లోపలే గురగురమంటూ ఉండేది. షాపులో కస్టమరుతో మాట్లాడుతూ మధ్యలో దగ్గు తెర వస్తే పక్కకు వెళ్ళిపోవాలి. తిరిగొచ్చేసరికి ఆ మనిషి ముఖంలో అనుమానం. టీబీ కాదండీ అని ఎంతమందికని చెప్పను!

ఫిజియోథెరపీ చూసే మేడం ఈ పరికరం గురించి చెప్పారు. దీన్ని ఓపెప్ అంటారు. ఊపిరి వదిలేటప్పుడు ఎదురు ఒత్తిడి పెడుతుంది, ఆ ఒత్తిడిని అదురుగా కూడా మారుస్తుంది. ఇందులో రెండు రకాలు చూశాను. ఒకటి పొగాకు పీల్చే పైపు ఆకారంలో, లోపల స్టీలు గుండు ఉండేది. ఊదితే గుండు లేస్తుంది, బరువుకి మళ్ళీ పడుతుంది. అలా లేచి పడుతూ అదురు పుట్టిస్తుంది. పనితనం బాగానే ఉంది కానీ గుండు బరువు మీద నడిచేది కాబట్టి పట్టుకునే వాలు సరిగ్గా ఉండాలి. నాకు కఫం ఎక్కువగా చేరేది ఎడమ పక్క కింది భాగంలో. అది జారాలంటే కుడి పక్కకు తిరిగి పడుకోవాలి. పడుకుని ఊదితే గుండు మొరాయించేది. అందుకే దాన్ని వదిలి రెండో రకం తీసుకున్నాను.

రెండో రకంలో గుండు లేదు, అయస్కాంతం ఉంది. కడగడానికి పైభాగం తీస్తే లోపలిది కనిపిస్తుంది. చిన్న ప్లాస్టిక్ మీట, త్రాసు కాడలా మధ్యలో ఆని ఉంటుంది. గాలి బయటికి పోయే రంధ్రాన్ని మూసే బిరడా దానికే ఉంది. ఒక చివర లోహపు ముక్క, దానికి ఎదురుగా అయస్కాంతం. ఊదితే గాలి బిరడాను నెడుతుంది, రంధ్రం తెరుచుకుని గాలి పోతుంది. ఒత్తిడి తగ్గగానే అయస్కాంతం మీటను లాక్కుని మళ్ళీ మూస్తుంది. ఇదంతా సెకనుకు పదిసార్లకు పైగా జరుగుతుంది. వెనక ఉన్న డయల్ తిప్పితే అయస్కాంతం మీటకు దగ్గరవుతుంది లేదా దూరమవుతుంది. స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు, అరిగే బేరింగు లేదు. ఎలా పట్టుకున్నా, పడుకుని ఊదినా ఒకేలా కొట్టుకుంటుంది. చేసినవాళ్ళ బుర్రకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎదురు ఒత్తిడి ఎంత ఉండాలని అడిగితే, 10 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తు అన్నారు మేడం. అది విన్నాక నా మనసు కుదుటపడింది. మా పంపుల్లో 'హెడ్' అనేది కూడా నీటి ఎత్తు లెక్కే కదా. మనిషి ఊపిరికి జానెడు నీటి హెడ్ అన్నమాట!

ఇక అసలు ప్రశ్న. అదిరితే కఫం ఎందుకు కదులుతుంది? మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. దాన్ని పట్టుకుని నెల రోజులు అడిగాను. అది చదివి చెప్పినవి విన్నాక కఫం మీద నా అభిప్రాయమే మారిపోయింది. అదేదో ఒంట్లో పుట్టే చెత్త అనుకునేవాణ్ణి. కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గాలిగొట్టాల్లో కూడా పలచటి శ్లేష్మం పొర ఎప్పుడూ ఉంటుంది. అందులో దాదాపు 98 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటిలో ఉప్పు, ప్రొటీన్లు, వాటిలో ముఖ్యమైనవి మ్యూసిన్లు. ఊపిరితిత్తుల్లో ప్రధానంగా రెండు రకాలు, మ్యూక్ ఫైవ్ ఏసీ, మ్యూక్ ఫైవ్ బీ. ఇవి పొడుగాటి దారాల్లా ఉండి, ఒకదానికొకటి ముడిపడి వలలా తయారవుతాయి. మనం పీల్చే దుమ్ము, క్రిములు ఆ వలలో చిక్కుకుంటాయి. 2014లో ఒక పరిశోధనలో మ్యూక్ ఫైవ్ బీ తయారుకాని ఎలుకలను చూస్తే, వాటి ఊపిరితిత్తుల్లో క్రిములు పేరుకుపోయాయట. అంటే శ్లేష్మం బొత్తిగా లేకపోయినా ప్రమాదమే.

ఆ పొర కింద సూక్ష్మమైన రోమాలు, ఒక్కో కణం మీద వందల్లో, సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ శ్లేష్మాన్ని గొంతు వైపు తోస్తాయి. రోమాలు ఉండే పొర ఎత్తు మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఏడు మాత్రమే. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బౌచర్ బృందం చాలా ఏళ్ళుగా దీని మీదే పని చేస్తోంది. రోమాల చుట్టూ ఉండేది ఉత్త నీళ్ళే అని అంతకుముందు అనుకునేవారు. 2012లో వాళ్ళు చూపించింది వేరు. రోమాలకు అంటుకుని బ్రష్షు కుచ్చులా అణువులు ఒత్తుగా ఉంటాయట. ఆ బ్రష్షు తన నీటిని తను పట్టి ఉంచుకుంటుంది, పైనున్న శ్లేష్మాన్ని లోపలికి దిగనివ్వదు. శ్లేష్మం మరీ చిక్కబడితే మాత్రం అది బ్రష్షులో నీటిని తనవైపు గుంజుకుంటుంది. కుచ్చు అణిగిపోతుంది. రోమాలు కదలలేవు. కఫం గోడకు అతుక్కుపోతుంది.

మా అమ్మాయి ఇది చెప్తుంటే నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. బురద నీళ్ళు తోడే పంపులో కూడా ఇంతే. నీళ్ళు పలచగా ఉన్నంతసేపు ఇంపెల్లర్ తిరుగుతుంది. మడ్డి ఒక పాళ్ళు దాటిందా, మోటారు మూలుగుతుందే తప్ప నీరు కదలదు. అది ఒక్కసారిగా జరుగుతుంది. 2017లో అదే విశ్వవిద్యాలయం వాళ్ళు పాల్గొన్న పరిశోధనలో, సీఓపీడీతో (గాలిగొట్టాలు సన్నబడి ఊపిరి ఆడని దీర్ఘకాలపు జబ్బు) పాటు దీర్ఘకాలపు కఫం దగ్గు ఉన్నవాళ్ళ కఫంలో మ్యూసిన్ల పాళ్ళు బాగా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. నన్ను బాగా కలవరపెట్టింది ఇంకొకటి. 2023లో 4 వేల మందికి పైగా సీఓపీడీ రోగుల స్కాన్లు చూశారు. గాలిగొట్టాలను పూర్తిగా మూసేసిన కఫం బిరడాలు ఎక్కువ భాగాల్లో ఉన్నవాళ్ళలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. అలాంటి బిరడాలు కొందరిలో దగ్గు, కఫం అసలు లేకుండానే ఉంటాయట. దగ్గు లేదు కాబట్టి లోపల శుభ్రంగా ఉందనుకోవడానికి లేదు.

ఇప్పుడు పరికరానికి వద్దాం. అతుక్కున్న కఫాన్ని ముందునుంచి లాగితే రాదు, దాని వెనక్కి గాలి చేరాలి. పూడిపోయిన పైపును మేము వెనకనుంచి కొట్టి తోస్తాం, ఇదీ అంతే. లోతుగా పీల్చి రెండు మూడు సెకన్లు ఆపితే, ఊపిరితిత్తుల్లో పక్కపక్కనే ఉన్న గాలి గదుల మధ్య ఉండే సన్నటి దారుల గుండా గాలి ఆ మూసుకున్న భాగంలోకి చేరుతుంది. తర్వాత పరికరంలోకి ఊదేటప్పుడు ఎదురు ఒత్తిడి వల్ల వదులైన గొట్టాలు ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. అదురు కఫాన్ని గోడనుంచి ఊడదీస్తుంది, కొంత పలచన కూడా చేస్తుంది. ఇందులో ఆ రెండు మూడు సెకన్ల ఆపడమే కీలకం. మొదటి రెండు వారాలు నేను అది చెయ్యనే లేదు. బలంగా ఊదితే ఎక్కువ వస్తుందనుకుని బుగ్గలు పూరించి శంఖం ఊదినట్టు ఊదాను. కళ్ళు తిరిగాయి, కఫం మాత్రం రాలేదు. వస్తువు పనికిరానిదని పక్కన పడేయబోయాను.

మేడం దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ నా బుగ్గల మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కారు. "బుగ్గలు కదలకూడదండీ. అదురంతా అక్కడే అయిపోతోంది, ఛాతీలోకి దిగడం లేదు. మెల్లగా ఊదండి, పీల్చిన దానికన్నా ఊదడానికి మూడు రెట్లు సేపు పట్టాలి" అన్నారు. మళ్ళీ ఊదాను. ఈసారి ఆవిడ నా వీపు మీద చెయ్యి ఉంచి, "ఇదిగో, ఇక్కడ తెలుస్తోంది" అన్నారు. నాకూ తెలిసింది. వీపులో ఎడమ పక్కన, అడుగున, నీళ్ళు మరుగుతున్నట్టు చిన్న గలగల. 14 నెలల్లో ఈ పరికరం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ అయిదు నిమిషాల్లోనే ఉంది.

పది ఊపిరులు అయ్యాక దగ్గకూడదు. నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టు హా... అని ఊపిరి వదలాలి. దాన్ని హఫ్ అంటారు. ముందు సగం ఊపిరితో నిడివిగా, తర్వాత నిండు ఊపిరితో పొట్టిగా. కఫం గొంతు దగ్గరికి వచ్చిందనిపించినప్పుడే ఒక దగ్గు దగ్గాలి. దగ్గునే నమ్ముకుంటే వదులైన గొట్టాలు ఆ విసురుకు మూసుకుపోయి కఫం అక్కడే ఆగిపోతుంది. నేను 40 ఏళ్ళు చేసింది అదే.

ఇప్పుడు నాకు పొద్దున పట్టేది 25 నిమిషాలు. సాయంత్రం 15. కఫం మొదటి పావుగంటలోనే వచ్చేస్తుంది. తర్వాత షాపులో మధ్యాహ్నం దాకా దగ్గు తెర లేదు. మానేసిన ఆ వారంలో మూడో రోజుకే పాత గురగుర తిరిగి వచ్చింది, అయిదో రోజు కఫం ముదురు పచ్చగా పడింది. అంతకుముందు ఏడాది నాలుగుసార్లు యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది, ఈ ఏడాది రెండుసార్లు. అది దీని మహిమే అని నేను చెప్పను, ఈ ఏడాది ఫ్లూ టీకా కూడా వేయించుకున్నాను.

ఊపిరి పరీక్షలో మాత్రం అంకెలు మారలేదు. మొదట నిరాశపడ్డాను. 2009లో ఇలాంటి అయస్కాంతపు పరికరంతోనే 20 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల మీద మూడేసి నెలలు పరిశోధన చేశారు. రోజూ రెండుసార్లు వాడినప్పుడు దగ్గు బాధ తగ్గింది, కఫం ఎక్కువ బయటపడింది, నడక మెరుగైంది. ఊపిరి పరీక్ష అంకెలు వాళ్ళకీ మారలేదు. నాకు జరిగింది అక్షరాలా అదే. కాబట్టి ఊపిరితిత్తులు కొత్తవి అయిపోతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి. రోజు బాగా గడుస్తుంది. అది నాకు చిన్న విషయం కాదు.

చాలామంది అడిగేది ఉప్పునీటి నెబులైజర్ గురించి, అంటే ఉప్పునీటిని సన్నటి తుంపరగా చేసి పీల్చుకునే యంత్రం. కఫానికి కావలసింది నీరే కదా, ఉప్పు వెళ్తే దాని వెంట నీరు గొట్టంలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చే, కఫం బాగా చిక్కబడే జబ్బు) ఉన్నవాళ్ళలో సముద్రంలో సర్ఫింగ్ చేసేవాళ్ళు మెరుగ్గా ఉండటం గమనించి డాక్టర్లు దీని వెంట పడ్డారు. 2006లో 7 శాతం ఉప్పునీరు ఆ రోగులకు జబ్బు ముదిరే సందర్భాలను తగ్గించిందని తేలింది. నా జబ్బు మాత్రం వేరు. 2025లో బ్రిటన్‌లో 288 మంది బ్రాంకియెక్టాసిస్ రోగులతో 52 వారాలు చేసిన పరిశోధనలో, 6 శాతం ఉప్పునీరు గానీ, కఫం పలచన చేసే కార్బోసిస్టీన్ గానీ జబ్బు ముదరడాన్ని చెప్పుకోదగినంత తగ్గించలేదు. ఆ ఫలితం డాక్టరుగారే చెప్పారు. అయినా కఫం మరీ గట్టిపడిన రోజుల్లో నేను ఉప్పునీరు పీల్చి తర్వాత ఊదుతాను. ఆ రోజుల్లో నాకు సులువుగా పడుతుంది, అంతవరకే చెప్పగలను. మొదటిసారి మాత్రం ఆసుపత్రిలోనే, ముందు గొట్టాలు వదులుచేసే మందు పీల్చి చెయ్యాలి. కొందరికి ఉప్పునీటితో ఛాతీ బిగుసుకుంటుంది.

ఒక జబ్బుకు పనిచేసింది ఇంకో జబ్బుకు చేటు కూడా కావచ్చు. చచ్చిన తెల్లకణాల డీఎన్ఏ కఫాన్ని బంకలా చేస్తుంది, దాన్ని కోసే డోర్నేజ్ ఆల్ఫా అనే మందు 1993 నుంచి సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో వాడుతున్నారు, బాగా పనిచేస్తుంది. అదే మందు నాలాంటి రోగులకు ఇచ్చి చూస్తే పరిస్థితి ఇంకా చెడిందని 1998లో తేలింది. అందుకే పక్కవాళ్ళ మందు చీటీ చూసి కొనుక్కోవద్దని బతిమాలుతున్నాను. ఈ పరికరం కూడా అంతే. కఫంలో రక్తం పడుతున్నా, ఈ మధ్య ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక నా ఫిర్యాదు. పెట్టెలో వచ్చిన కాగితం మీద అక్షరాలు చీమ తలకాయంత. ఊపిరి ఆపడం గురించి ఒక్క ముక్క, బుగ్గల గురించి ఏమీ లేదు, హఫ్ బొమ్మే లేదు. డయల్ ఎటు తిప్పితే బిగుతో, ఎటు తిప్పితే వదులో గుర్తులు చూసి నేనే కనిపెట్టుకున్నాను. ఆరో నెలలో ఒక రోజు బుర్ర్‌మనడం ఆగిపోయింది. అమ్మినవాళ్ళ సహాయ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. విప్పి చూస్తే మీట ఆనే చోట సబ్బు తెల్లగా గట్టిపడి ఉంది. తప్పు కడగడంలో ఉంది, కానీ ఎలా కడగాలో చెప్పవలసింది వాళ్ళే. అప్పటినుంచి రోజూ గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఉంచి, కాచి చల్లార్చిన నీటితో రెండుసార్లు కడిగి, భాగాలు విడదీసి బట్ట మీద బోర్లించి ఆరబెడుతున్నాను. తడిగా డబ్బాలో పెడితే క్రిములను మనమే పెంచి మనమే పీల్చుకున్నట్టు. గుడ్డతో లోపల తుడవకండి, పోగు ఒకటి ఇరుక్కున్నా మీట ఆగుతుంది.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి కాగితానికి, ఎత్తని ఫోనుకి. మౌత్‌పీస్ మీద పంటిగాట్లు పడ్డాయి, మీట మాత్రం కొత్తదానిలా కొట్టుకుంటోంది. వచ్చే నెల ఇదే రకం ఇంకొకటి తీసుకుని షాపులో ఉంచుకుంటున్నాను.